బాబాయికి ఇంకో సీసా

"ఫ్యాన్ కొంచెం ఆపుతారా?"

మందుల కొట్లోకి వచ్చినవాడు మొదట అడగాల్సిన మాటేనా ఇది? కానీ వీరాంజనేయులుకి వేరే దారి లేదు. ఎడమ చెవి దగ్గర పొడుగ్గా పెంచి, తడిపి, దువ్వి, కుడి చెవి దాకా పరిచిన జుట్టు అది. దాని కింద అంతా నున్నటి మైదానం. గాలి తగిలిందంటే మొత్తం లేచి నిలబడుతుంది.

కౌంటర్ వెనకున్న అమ్మాయి తలెత్తి చూసింది. "ఈ ఉక్కలోనా?"

"నాకు జలుబండీ."

ఆమె ఫ్యాన్ ఆపింది. "జలుబుకి మాత్ర ఇవ్వనా?"

"నేనొచ్చింది జలుబుకి కాదండీ."

"మరి దేనికి?"

దేనికో ఆడపిల్లకి ఎట్లా చెబుతాడు! ఇంట్లోవాళ్ళూ ఊళ్ళోవాళ్ళూ అంజి అని పిలిచే మన వీరాంజనేయులు చానాసేపటి నుంచి ఎదురుగా సోడా బండి దగ్గర కాపు కాశాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి నర్సరావుపేట పల్నాడు రోడ్డులో మందుల కొట్లన్నీ ఖాళీ. అందులోనూ కోటిలింగం గారి కొట్టయితే మరీ మంచిది. పెద్దాయనకి చూపు మందం, మతిమరుపు ఎక్కువ, ఎవరేం కొన్నారో సాయంత్రానికి గుర్తుండదు. ఇంత ఆలోచించి వస్తే, పెద్దాయన ఇంటికెళ్ళి నిద్రపోతున్నాడు, ఆయన కుర్చీలో ఆయన కూతురు కృష్ణవేణి కూర్చుని ఉంది. ఫార్మసీ డిప్లొమా చేసి మొన్ననే గుంటూరు నుంచి వచ్చింది. మందుల కౌంటర్లో ఆడపిల్లని చూడటం అంజికి అదే మొదలు. అదీ అంత పెద్ద కళ్ళున్న ఆడపిల్లని!

చేసేదేం లేక జేబులోంచి చీటీ తీసి కౌంటర్ మీద పెట్టాడు. గుంటూరు స్కిన్ డాక్టరు రాసిచ్చిన చీటీ. నెలనెలా గుంటూరు తిరిగితే ఇంట్లో అడుగుతారని మందు ఊళ్ళోనే కొనాలనుకున్నాడు. పేరూ వయసూ ఉన్న పైముక్కని బస్సులోనే చించి పారేశాడు.

ఆమె చదివి కళ్ళు ఇంకా పెద్దవి చేసింది. "మినాక్సిడిల్ లోషనా! చానా కొత్త మందండీ ఇది. బట్టతలకి రాసేది. గుంటూరు నుంచి తెప్పించాలి. ఎవరికి?"

"మా బాబాయికి."

నోట్లోంచి జారిపోయింది. నిజానికి అంజికి బాబాయిలెవరూ లేరు. వాళ్ళ నాన్న గోపాలరావు వాళ్ళింట్లో ఒక్కడే కొడుకు.

"మీ బాబాయికి బీపీ ఉందా? గుండెకి సంబంధించిందేమన్నా ఉందా?"

"ఛ, నాకేం లేదండీ! డాక్టరు నిన్న చూసి, అన్నీ బాగున్నాయన్నాడు గదా!"

ఆ అమ్మాయి ఎందుకో పెదవి బిగబట్టి గబుక్కున చీటీ మీదకి తల వంచేసింది. "బుధవారానికి వస్తుంది. మీ బాబాయిని కంగారు పడొద్దనండి," అంది.

హమ్మయ్య అనుకుని అంజి వెనక్కి తిరిగాడు. గడప దాటకముందే వెనకాల స్విచ్చి టక్కుమంది. ఫ్యాన్ గిర్రున తిరిగింది. ఎదురుగా గోడకున్న అద్దంలో తన జుట్టు తాటాకులా నిలువునా లేవడం అంజి కళ్ళారా చూశాడు. బయట జోరున వాన మొదలైంది. ఆ వానలో నెత్తి మీద చెయ్యి పెట్టుకుని అతను పరిగెత్తుతుంటే, వెనక నుంచి నవ్వు వినపడిందో వాన చప్పుడే అట్లా ఉందో అర్థం కాలేదు.

* * *

తలకి మందు రాసుకోవడానికి ఇంత దొంగతనం ఎందుకంటారా? గోపాలరావుది పచారీ కొట్టు. అందులో ఉప్పూ పప్పుల కన్నా ఆయనకి ముద్దయింది సొంత తైలం. పెరట్లో పెద్ద గుండిగ పెట్టి గుంటగలగరాకు, మందార పూలు, ఉసిరికాయలు వేసి స్వయంగా కాస్తాడు. 'జుట్టు రాలుట ఆగును, కొత్త జుట్టు మొలుచును' అని గోడ మీద బోర్డు. జనం సీసా చేతిలోకి తీసుకుంటారు, బోర్డు చదువుతారు, గల్లా దగ్గరున్న కొడుకు తల చూస్తారు, సీసా ఉన్నచోటే పెట్టేస్తారు.

"నువ్వు లోపల గోడౌన్లో కూర్చోరా నాయనా," అన్నాడు ఒకరోజు గోపాలరావు, మొహం పక్కకి తిప్పుకుని. పుట్టినప్పటి నుంచీ ఆ నూనెతోనే పెరిగిన తలకాయ అది. ఎవరిది తప్పని అడగాలి?

అట్లాంటి ఇంట్లో ఇంగ్లీషు మందు సీసా కనపడితే ఆయన గుండె ఆగిపోదూ! అందుకని అంజి డాబా మీద నీళ్ళ ట్యాంకు వెనక సీసా దాచుకుని రెండు పూటలా రాసుకునేవాడు. ఈ సంగతి తెలిసినవాడు ఒక్కడే, మెకానిక్ మక్బూల్. గుంటూరు డాక్టరు దగ్గరికి తోడొచ్చింది కూడా వాడే.

కొన్ని వారాలయ్యాయి. ఒకరోజు పొద్దున తల దువ్వుకుంటుంటే దువ్వెన నిండా జుట్టు. దిండు మీద జుట్టు. తువ్వాలుకి జుట్టు. అంజికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఉన్నవాటినైనా కాపాడుకుందామని మందు తెచ్చుకుంటే, అవి కూడా సెలవు తీసుకుంటున్నాయి!

మధ్యాహ్నం దాకా ఆగి కృష్ణవేణి దగ్గరికి పరిగెత్తాడు. "ఏమందండీ ఇది! ఉన్నది కూడా ఊడిపోతా ఉంది!"

"ఎవరికి?"

"మా... మా బాబాయికి! పాపం పొద్దున్నుంచీ అన్నం తినలేదు!"

"కూర్చోండి ముందు." గ్లాసుతో మంచినీళ్ళు ఇచ్చింది. "మొదట్లో కొంతమందికి అట్లాగే రాలుద్ది. బలం లేనివి పోయి కొత్తవి రావాలి గదా. మానెయ్యకుండా నాలుగైదు నెలలు వాడాలి. అప్పటికీ అందరికీ మొలుస్తుందని లేదు. మీ బాబాయితో ఆ మాట ముందే చెప్పండి. ఇంకోటి, మందు నుదుటి మీదికి కారనివ్వొద్దనండి. అక్కడ కూడా నూగు వస్తా ఉంది."

"ఎక్కడ?" అని అంజి నుదురు తడుముకున్నాడు.

"బాబాయికి," అంది కృష్ణవేణి, కిటికీ వైపు చూస్తూ.

అప్పటి నుంచి సీసా అయిపోయినా అవకపోయినా ఏదో ఒక సందేహం పుట్టేది. బాబాయి తలస్నానం ఏ పూట చెయ్యాలి, బాబాయి ఎండలో తిరగొచ్చా, బాబాయి వంకాయ తినొచ్చా. వానొస్తే ఇంకా సంతోషం, వాన వెలిసేదాకా కూర్చోవచ్చు.

"మీ బాబాయికి పెళ్ళయిందా?" అని అడిగింది ఒకసారి, మాత్రలు సర్దుతూ.

"ఇంకా లేదండీ. జుట్టొచ్చాకే అడుగుదామని..."

"ఎవర్ని?"

ఆ పెద్ద కళ్ళు ఒక్క క్షణం అతని మీద నిలబడ్డాయి, తర్వాత మాత్రల డబ్బా మీదికి జారుకున్నాయి. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఆ రోజు అంజి ఇంటికి ఏ దారిన వెళ్ళాడో అతనికే తెలియదు. జుట్టు మొలవాలి. మొలవగానే ఈ అమ్మాయిని అడగాలి. ఆ రెండు కోరికలు తప్ప అతనికి వేరే ఏం లేవు.

* * *

దసరాకి ముందు మొలిచింది!

మొదట చూసింది గోపాలరావే. కొడుకు వంగి బియ్యం బస్తా ఎత్తుతుంటే నడినెత్తిన నల్లగా కనపడింది. మసేమోనని చేత్తో తుడిచాడు. పోలేదు. గట్టిగా పీకి చూశాడు.

"అబ్బా! ఏంది నాన్నా!"

"ఏమే లక్ష్మీకాంతం! తొందరగా రావే! మొలిచిందే! నా నూనెకి మొలిచిందే!"

అంజి తల్లి లక్ష్మీకాంతం పరిగెత్తుకొచ్చి చూసి నోరు వెళ్ళబెట్టింది. కొడుకు తల రెండు చేతులతో పట్టుకుని ఏడ్చింది. తర్వాత కోటప్పకొండ వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది. ఎందుకమ్మా అని అంజి అడగలేదు. అడిగి ఉంటే ఎంత బాగుండేది!

ఇది నూనె మహిమ కాదు నాన్నా అని చెబుదామనుకున్నాడు. కానీ ముప్పై ఏళ్ళుగా గుండిగ ముందు కూర్చున్న మనిషి చిన్నపిల్లాడిలా గంతులు వేస్తుంటే ఎవరికి నోరొస్తుంది? సాయంత్రానికల్లా అంజి గోడౌన్లోంచి గల్లా పక్కకి వచ్చేశాడు. వెనక గోడకి అతని పాత బట్టతల ఫోటో, కింద 'ముందు' అని రాసి. దాని పక్కన అంజి స్వయంగా, 'తర్వాత' అన్నమాట. ముప్పాళ్ళ నుంచీ నకరికల్లు నుంచీ జనం వచ్చి అతని తల తడిమి చూసి మరీ సీసాలు పట్టుకెళ్ళారు.

ఈ సంబరంలో మునిగి నాలుగో సీసా కోసం వెళితే కృష్ణవేణి నవ్వలేదు.

"నిన్న మా నాన్న మీ కొట్లో నూనె కొనుక్కొచ్చాడు. పొద్దున్నే లేచి బట్టతలకి రుద్దుకుంటున్నాడు. ఎవరి తల చూసి కొన్నాడో తెలుసా?"

అంజి చెయ్యి తల మీదికి పోయింది. "మరి మీరు చెప్పలేకపోయారా?"

"మందు కొన్నవాళ్ళ గుట్టు నేనెట్టా బయట పెడతా? కన్నతండ్రికైనా చెప్పను. చెప్పాల్సింది మీ బాబాయి." ఆమె కింద అరలోంచి సీసా తీసింది. "మందు వాడటం తప్పు గాదండీ. జ్వరమొస్తే వాడమా? కానీ ఒకదానితో జుట్టు మొలిపించుకుని ఇంకోదాని పక్కన ఫోటో పెట్టుకోవడం నాకు నచ్చలా. ఇంట్లోవాళ్ళకే నిజం చెప్పలేని మనిషి రేపు పెళ్ళాం దగ్గర ఇంకెన్ని దాస్తాడో! ఆ నిజం చెప్పేదాకా మీ బాబాయిని ఈ గడప తొక్కొద్దనండి."

సీసా కౌంటర్ మీద పెట్టి లోపలికెళ్ళిపోయింది. అంజి సీసా పట్టుకుని బయటపడ్డాడు. ఈ అమ్మాయికి మొదటి రోజు నుంచీ అంతా తెలుసు! ఏ బాబాయీ లేడని తెలిసే ఇన్నాళ్ళూ నీళ్ళిచ్చింది, ధైర్యం చెప్పింది, నవ్వింది. అంజి ఆ రోజుకారోజే చెప్పేద్దామని ఇంటికెళ్ళాడు. గుండిగ ముందు పాట పాడుకుంటున్న నాన్నని చూసి తలుపు దగ్గరే ఆగిపోయాడు. మర్నాడూ అంతే. కార్తీక మాసం వచ్చింది గానీ అంజి నోట్లోంచి నిజం రాలేదు.

* * *

"ఒరేయ్ అంజీ, నీకు సంబంధం కుదిరేట్టుందిరా," అన్నాడు గోపాలరావు అన్నం ముందు కూర్చుని. "పల్నాడు రోడ్డు మందుల కొట్టు కోటిలింగం లేడూ, మన నూనె వాడుతున్నాడు. నీ తల చూసి ముచ్చటపడ్డాడంట. ఆదివారం పిల్లని చూడటానికి రమ్మని కబురు పెట్టాడు."

అంజి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. సంతోషంతో అరవాలో భయంతో పారిపోవాలో తెలియలేదు. కోరుకున్న పిల్లే! కానీ అబద్ధాన్ని చూసి ముచ్చటపడి వచ్చిన సంబంధం. నిజం చెబితే పిల్ల తండ్రి కాదంటాడు, చెప్పకపోతే కూతురు కాదంటుంది.

"అయితే శుక్రవారం కోటప్పకొండ వెళ్ళాలి," అంది లక్ష్మీకాంతం.

"ఎందుకమ్మా?"

"మొక్కుందిరా. నా బిడ్డ నెత్తిన జుట్టు మొలిస్తే, ఆ జుట్టు నీకే ఇస్తానని కోటయ్య స్వామికి మొక్కుకున్నా. శుభకార్యానికి ముందే తీర్చేయాలి."

అంజి ముద్ద కంచంలో పడేశాడు. "ఏందమ్మా నువ్వనేది! గుండు కొట్టిస్తావా? ఆదివారం పెళ్ళిచూపులు పెట్టుకుని శుక్రవారం గుండా!"

"ఇచ్చిన స్వామికి తిరిగి ఇవ్వమా?"

"మొలవడానికి ఇన్నాళ్ళు పట్టిందే తల్లీ!"

"అందుకే గదరా మొక్కుకుంది!"

నా నూనెకి మొలిచింది నీ స్వామికెందుకని గోపాలరావు గొణిగాడు గానీ, భార్య చూసిన చూపుకి మజ్జిగ పోసుకుని ఊరుకున్నాడు.

శుక్రవారం మక్బూల్ బాడుగ జీపు తెచ్చాడు. కొండ మీద మంగలి అంజి తల మీద నీళ్ళు చల్లి, వేళ్ళతో రుద్ది, "చానా గట్టి జుట్టు బాబూ, ఒత్తుగా కూడా ఉంది," అని మెచ్చుకున్నాడు. ఆ ఒక్క మాటకి అంజి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇప్పుడు చెబితే జుట్టు దక్కుతుంది. అమ్మా ఇది మందమ్మా, స్వామికీ దీనికీ సంబంధం లేదమ్మా, అంటే చాలు. నోరు తెరిచాడు. ఎదురుగా తల్లి చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, బుగ్గల మీద కన్నీళ్ళు తుడుచుకోకుండా నిలబడి ఉంది.

అంజి నోరు మూసుకుని తల వంచాడు.

జీపు దగ్గర మక్బూల్ ఆ గుండు చూసి నోట్లో బీడీ జారవిడిచాడు. "యా అల్లా! ఇదేందిరా! గుంటూరు దాకా తిరిగింది ఇందుకా?"

అంజి జీపెక్కి కూర్చున్నాడు. నున్నటి నెత్తి మీద గంధం చల్లగా ఉంది. దాచిపెట్టడానికి ఇక తల మీద ఏమీ మిగల్లేదు, ఒక్క అబద్ధం తప్ప.

* * *

ఆదివారం తలుపు తీసిన కోటిలింగం కళ్ళజోడు సవరించుకున్నాడు. "ఎవరు కావాలి బాబూ?"

"నేనేనండీ. అంజిని."

పెద్దాయన గుమ్మం పట్టుకున్నాడు. అతని తల వంకా వెనకున్న గోపాలరావు వంకా మార్చి మార్చి చూశాడు. లక్ష్మీకాంతం మొక్కు సంగతి చెప్పాక గానీ ఆయనకి ఊపిరి ఆడలేదు. "మొక్కయితే మంచిదే గదమ్మా. మీ నూనె ఉండగా మళ్ళీ రావడానికెంత సేపు!" అని అందర్నీ లోపల కూర్చోబెట్టాడు.

కాసేపు ఆ కబురూ ఈ కబురూ అయ్యాక కోటిలింగం గొంతు తగ్గించాడు. "బావగారూ, ఒక్క మాట. దసరా నుంచీ రాస్తున్నా. మీ వాడికి మొలిచింది గానీ, నా నెత్తిన ఒక్క వెంట్రుకన్నా లేవలేదే?"

"ఇంకో నాలుగు సీసాలు వాడండి బావగారూ! మీది వేడి శరీరం!"

అప్పుడే కృష్ణవేణి మంచినీళ్ళ గ్లాసులతో వచ్చింది. అంజి గుండు చూసి ఠక్కున ఆగిపోయింది. పళ్ళెంలో గ్లాసులు గలగలలాడాయి. ఆ పెద్ద కళ్ళు అతని మొహం మీద నిలిచాయి. జుట్టు ఏమైందని కాదు అవి అడుగుతున్నది. అంజికి తెలుసు.

లేచి నిలబడ్డాడు. "మామయ్య గారూ, ఇంకో నాలుగు సీసాలు వద్దండీ. నాకు మొలిచింది నూనెతో కాదు."

కోటిలింగం కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

"గుంటూరు డాక్టరుకి చూపించుకుని ఇంగ్లీషు మందు వాడా. నాన్నకి చెప్పలేక దాచా. మీరు నా తల చూసి మోసపోయారు. తప్పు నాది. ఇష్టం లేకపోతే ఇప్పుడే లేచి వెళ్ళిపోతాం."

గోపాలరావు మొహం పాలిపోయింది. "నా నూనె కాదా?"

"నీ నూనె పట్టిస్తే తల చల్లగా ఉంటుంది నాన్నా. నిద్ర బాగా పడుతుంది. ఆ మాటే బోర్డు మీద రాద్దాం. నేనే కూర్చుని అమ్ముతా."

"మరి కోటయ్య స్వామి?" లక్ష్మీకాంతం గుండె మీద చెయ్యేసుకుంది.

"ఆ మందు అందరికీ పనిచెయ్యదంటమ్మా. నాకు చేసింది. అది ఆయన దయే అనుకో. నీ మొక్కు ఎక్కడికీ పోలా."

కోటిలింగం మెల్లగా ముందుకి వంగాడు. ఆయనకి వేరే సంగతి పట్టుకుంది. "ఇంతకీ ఆ మందు ఎక్కడ దొరుకుద్దయ్యా? బొంబాయిలోనా?"

"పల్నాడు రోడ్డులోనేనండీ."

"మన రోడ్డులోనా! ఏ కొట్లో?"

"మీ కొట్లోనే. మీరు కూర్చునే కుర్చీ వెనకాల, కింద అరలో."

పెద్దాయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. మెడ కూతురి వైపు తిరిగింది. "ఏమే! నువ్వమ్మావా?"

"మీరు మధ్యాహ్నం నిద్రపోయే టైంలో నాన్నా. కొన్నవాళ్ళ గుట్టు బయట చెప్పొద్దని మీరే గదా నేర్పింది."

"నా కుర్చీ వెనక మందు పెట్టుకుని, నేను బజారుకెళ్ళి నూనె కొనుక్కున్నానా!" కోటిలింగం తొడ చరుచుకుని దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఆయన్ని చూసి గోపాలరావు మూతి కూడా ఒక పక్కకి వంగింది. నవ్వాగాక పెద్దాయన కళ్ళు తుడుచుకుని కూతుర్ని చూశాడు. "అబద్ధమాడాడు, మళ్ళీ తనంతట తనే ఒప్పుకున్నాడు. చేసుకునేది నువ్వు. నువ్వే చెప్పమ్మా."

కృష్ణవేణి పళ్ళెం బల్ల మీద పెట్టింది. చాలా తీరిగ్గా అడిగింది.

"ఏమండీ, మీ బాబాయికి ఇంకో సీసా కావాలా?"

"బాబాయా?" గోపాలరావు అదిరిపడ్డాడు. "వీడికి బాబాయెవడు? నాకు తమ్ముడెప్పుడు పుట్టాడు?"

అంజి తండ్రి వైపు చూడలేదు. "బాబాయికొద్దండీ," అన్నాడు. "నాకే కావాలి. మొలిచినా మొలవకపోయినా, మీ చేత్తోనే ఇవ్వాలి. మీరు ఒప్పుకుంటే."

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. తలొంచుకుని, ఒప్పుకున్నట్టు తలూపింది. కార్తీక మాసపు చలిలో కూడా అంజి గుండు మీద చెమట బొట్లు బొట్లుగా కారుతోంది. ఆమె నవ్వాపుకుంటూ గోడ దగ్గరికెళ్ళి స్విచ్చి మీద వేలు పెట్టి వెనక్కి తిరిగింది.

"ఫ్యాన్ వెయ్యనా?"

"వెయ్యండి," అన్నాడు అంజి. "ఎంత స్పీడైనా పర్లేదు."